మంగళవారం పుట్టని టాకీ

తెలుగు టాకీ పుట్టినరోజు ఎప్పుడంటే ఏళ్ల తరబడి ఒకటే జవాబు. సినిమా ‘భక్త ప్రహ్లాద’, తేదీ 1931 సెప్టెంబర్ 15. ప్రత్యేక సంచికల్లో అదే, సభల్లో అదే, పోటీ పరీక్షల బిట్లలో అదే. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాశారు. ఇద్దరు రాశారు కదా అని మూడోవారు నమ్మారు. సినీ విమర్శకుడు, పాత్రికేయుడు రెంటాల జయదేవ మాత్రం నమ్మకం పక్కనపెట్టి కాగితాలు అడిగారు. పాత రికార్డులు, పత్రికలు తిరగేసి ఆయన తేల్చిన తేదీ 1932 ఫిబ్రవరి 6.

బొంబాయిలో తీసిన బొమ్మ తేదీతో కడప జిల్లావాళ్లకు పనేమిటి అనుకోవచ్చు. పని ఉంది. ఆ సినిమా తీసిన హెచ్.ఎం. రెడ్డే 1938లో రోహిణీ పిక్చర్స్ ‘గృహలక్ష్మి’కి దర్శకుడు. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి సినిమా నిర్మాణంలో అడుగుపెట్టింది ఆ చిత్రంతోనే. మరుసటి ఏడే వాహిని పతాకం మీద సొంతంగా ‘వందేమాతరం’ తీశారు. తమ్ముడు బి. నాగిరెడ్డి పుట్టింది పొట్టిపాడులో. చక్రపాణితో కలిసి ఆయన నడిపిన విజయా సంస్థ ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ లాంటివి ఇచ్చింది. ప్రొద్దుటూరులో డాక్టరుగా, రచయితగా పేరుబడి, 1983లో ఎమ్మెల్యే అయిన ఎం.వి. రమణారెడ్డి ‘తెలుగు సినిమా స్వర్ణయుగం’ అని పుస్తకమే రాశారు. ఆ స్వర్ణయుగంలో సగం గోడలు మనవాళ్లు లేపినవే. అలాంటప్పుడు పునాదిరాయి మీద తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం మన పని కూడా.

మొదటి ఆనవాలు: వారం

ఇది జయదేవ చెప్పింది కాదు, క్యాలెండర్ ముందేసుకుంటే ఎవరికైనా దొరికేదే. మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ బొంబాయి మెజెస్టిక్‌లో 1931 మార్చి 14న విడుదలైంది, శనివారం. బెంగాలీ ‘జమాయ్ షష్ఠి’ ఏప్రిల్ 11న, అదీ శనివారమే. తొలి తమిళ టాకీగా చెప్పుకునే ‘కాళిదాస్’ మద్రాసులో అక్టోబర్ 31న, మళ్లీ శనివారం. కొత్త బొమ్మను శనివారం వేయడం అప్పటి వాడుక. మరి 1931 సెప్టెంబర్ 15? మంగళవారం.

దీంతోనే కేసు కొట్టేయలేం. లెక్క వేస్తే ఆ ఏడు వినాయక చవితి సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. పండక్కి బొమ్మ విడుదల చేయడం మనకు కొత్త కాదు. కాబట్టి ఈ మంగళవారం అనుమానానికి చాలుతుంది, తీర్పుకు చాలదు.

రెండో ఆనవాలు: ‘కాళిదాస్’

‘కాళిదాస్’కూ దర్శకుడు హెచ్.ఎం. రెడ్డే. హీరోయిన్ టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, హీరో తెలుగులో మాట్లాడతాడు. పాటల్లో త్యాగరాజ కీర్తనలున్నాయి. టాకీ అంటే ఇంకా చెయ్యి తిరగని రోజుల్లో, ఎవరికి వచ్చిన భాష వాళ్లు మాట్లాడేసిన కలగాపులగం అది. ‘భక్త ప్రహ్లాద’ అలా కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా, సురభి కళాకారులతో తీసిన పూర్తి తెలుగు చిత్రం. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి, పాటలు చందాల కేశవదాసు. అచ్చమైన తెలుగు టాకీ ముందే తీసి ఆడించినవాడు, నెలన్నర తిరక్కుండానే మళ్లీ కలగాపులగానికి దిగుతాడా? మొదట తడబాటు, తర్వాత నిలకడ అనుకుంటేనే వరస కుదురుతుంది.

మూడో ఆనవాలు: జనం ఆకలి

‘కాళిదాస్’ రీళ్ల పెట్టె మద్రాసు సెంట్రల్ స్టేషన్‌లో దిగినప్పుడు ఏం జరిగిందో సినిమా చరిత్రలో బాగా ప్రచారంలో ఉన్న కథే. వాల్‌టాక్స్ రోడ్డు పొడవునా, కినిమా సెంట్రల్ హాలు దాకా ఆ పెట్టె వెంట జనం ఊరేగింపుగా నడిచారట. కొబ్బరికాయలు కొట్టారు, పూలు చల్లారు, ధూపం వేశారు. రెండు భాషలు కలిసిన బొమ్మకే ఇంత సంబరం. ఇక ‘భక్త ప్రహ్లాద’ మద్రాసు నేషనల్ పిక్చర్ ప్యాలెస్‌కు వచ్చిందెప్పుడు? 1932 ఏప్రిల్ 2న. సెప్టెంబర్‌లోనే విడుదలైన పూర్తి తెలుగు సినిమా ఆరు నెలలకు పైగా మద్రాసు ముఖం చూడకుండా ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఫిబ్రవరిలో బొంబాయి, ఏప్రిల్‌లో మద్రాసు అంటే సబబుగా ఉంది. అన్నట్టు, ఈ ఏప్రిల్ 2 కూడా శనివారమే.

నాలుగో ఆనవాలు: సెన్సారు

ఇంతవరకూ ఊహకు ఊతం దొరికింది. ముడి విప్పింది మాత్రం సర్కారు కాగితం. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ లేని బొమ్మను జనానికి చూపించకూడదు. ఆ సర్టిఫికెట్లు ఇవ్వడానికే బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో బోర్డులు పెట్టారు. ‘భక్త ప్రహ్లాద’కు బొంబాయి బోర్డు సర్టిఫికెట్ ఇచ్చింది 1932 జనవరి 22న. సెప్టెంబర్ 15 నాటికి ఆ కాగితం పుట్టడానికి ఇంకా నాలుగు నెలలకు పైగా ఉంది.

అది ఏదో ముక్కకో, ప్రచార చిత్రానికో ఇచ్చిన సర్టిఫికెట్ అయి ఉండొచ్చు కదా అని అడ్డం తిరిగేవాళ్లుంటారు. వాళ్లకు జవాబు ఆ నమోదులోనే ఉంది. నిడివి 9,762 అడుగులు, పది రీళ్లు. టాకీ ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. భాగించి చూస్తే గంటా నలభై ఎనిమిది నిమిషాలు. ‘భక్త ప్రహ్లాద’ నిడివి 108 నిమిషాలని చెప్పుకునే లెక్క కూడా ఇదే. అంటే బోర్డు చూసింది పూర్తి సినిమానే.

ఐదో ఆనవాలు: విడుదల

సెన్సారు అయిన పదిహేనో రోజు 1932 ఫిబ్రవరి 6, శనివారం. బొంబాయి కృష్ణా థియేటర్‌లో ‘భక్త ప్రహ్లాద’ తెర మీదికి వచ్చింది ఆ రోజేనని జయదేవ తేల్చారు. సర్టిఫికెట్, బొంబాయి విడుదల, మద్రాసు విడుదల, మూడూ ఒకదాని వెనక ఒకటి వరసగా కూర్చున్నాయి. పాత తేదీని ఈ వరసలో ఎక్కడ ఇరికించబోయినా పట్టదు.

ఈ లెక్కతో పోయిందేమిటి? తమిళం కంటే మనమే ముందు అన్న గొప్ప పోయింది, అంతే. రెండు భాషలకూ తొలి టాకీ ఇచ్చిన దర్శకుడు హెచ్.ఎం. రెడ్డేనన్న మాట అలాగే నిలిచింది. పైగా ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ చిన్న వేషాలు వేసిన కుర్రాడు ఒకడున్నాడు, ఎల్.వి. ప్రసాద్. ‘ప్రహ్లాద’లో ఆయన చదువురాని మొద్దు శిష్యుడు. 1950లో విజయా వారి తొలి సినిమా ‘షావుకారు’కు నాగిరెడ్డి, చక్రపాణి పిలిచి దర్శకత్వం అప్పజెప్పింది ఈ ప్రసాద్‌కే, 1955లో ‘మిస్సమ్మ’ తీసిందీ ఆయనే. తొలి టాకీ నుంచి మన జిల్లావాళ్ల విజయా దాకా తెగని దారం ఆయన.

సినిమా విమర్శ అంటే బొమ్మ బాగుందో లేదో చెప్పడమేనని చాలామంది అభిప్రాయం. ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఈ రోజు ఎక్కడా లేదు. బాగుందో లేదో చూసి చెప్పే అవకాశమే లేనప్పుడు, విమర్శకుడు చేయగలిగింది జయదేవ చేసిన పనే. ఎంతమంది చెప్పారని కాకుండా, ఏ ఆధారం మీద చెప్పారని అడగడం. సెప్టెంబర్ 15 శుభాకాంక్షలు ఇప్పటికీ ఏటా వినిపిస్తూనే ఉన్నాయి. చెప్పేవాళ్లు చెప్పుకోనీండి. కాకపోతే, సెన్సారు కాని సినిమా ఆ మంగళవారం ఏ సర్టిఫికెట్ మీద ఆడిందో కూడా వాళ్లే చెప్పాలి.