కాకినాడ హ్యాపీ క్లబ్ కుర్రాళ్లు

1930ల్లో, 40ల్లో కాకినాడలో నాటకమంటే యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ పేరు తప్పకుండా వినపడేది. రేలంగి, ఎస్.వి. రంగారావు ముఖానికి రంగు వేసుకున్న చోటు అది. అప్పటికి వాళ్లెవరో మద్రాసు సినిమా లోకానికి తెలియదు.

క్లబ్‌కు ప్రాణం పి. ఆదినారాయణరావు. నాటకం ఆయనే రాసేవారు, బాణీలు ఆయనే కట్టేవారు, వేషమూ వేసేవారు. పాట పండకపోతే జనం కూర్చోని రోజులవి. ఆ రిహార్సల్స్‌లోనే పెద్దాపురం అమ్మాయి అంజనమ్మ ఆటా పాటా సానబెట్టుకుంది. పేరున్న నాటక సమాజాల్లోనూ ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో ఓ ఆడపిల్ల రంగస్థలమెక్కడం ఎంత తెగువో!

దర్శకుడు సి. పుల్లయ్య 'గొల్లభామ' (1947)లో మోహిని పాత్ర ఇచ్చి, అంజనమ్మకు అంజలీదేవి అని పేరు పెట్టారు. అప్పటికే ఆమె ఆదినారాయణరావు భార్య.

రంగారావు దారి అంత నున్నగా సాగలేదు. అగ్నిమాపక శాఖ ఉద్యోగం వదిలి చేసిన 'వరూధిని' సినిమా ఆడలేదు. దాంతో జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో పనిచేశారు. మళ్లీ సినిమాల్లోకి వచ్చి 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడయ్యాకే ఆంధ్రదేశమంతా ఆయన్ని గుర్తుపట్టింది.

ఆదినారాయణరావు, అంజలీదేవి సొంత సంస్థ పెట్టి 1957లో 'సువర్ణసుందరి' తీశారు. దాని హిందీ రూపానికీ బాణీలు ఆయనే కట్టారు.