సుద్దముక్క రాసిన మాట

శుభలేఖ మీద బాపు చేతిరాతను పోలిన అక్షరాలు కనిపిస్తే చాలు, చదవకుండానే మనకు పెళ్ళికళ తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ మర్యాద కాపర్‌ప్లేట్ అనే గొలుసుకట్టు రాతది. రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన రాతపుస్తకాల వల్ల దానికాపేరు వచ్చింది. కలం ఒత్తితే లావు, వదిలితే సన్నం. పట్టాలకీ, ఆహ్వానాలకీ ఆ సొగసే కావాలి.

సిడ్నీలో ఆ రాతని కాలిబాట మీదికి దించినవాడు ఆర్థర్ స్టేస్ (1885–1967). కటిక పేదరికంలో పెరిగాడు, ఒకప్పుడు తాగుడుకి బానిస. తన పేరు రాయడమే కష్టమయ్యేదట. 1932 నవంబరులో డార్లింగ్‌హర్స్ట్ చర్చిలో జాన్ రిడ్లీ ప్రసంగం విని బయటికొచ్చి, జేబులోని సుద్దముక్కతో నేలమీద ‘ఇటర్నిటీ’ అని రాశాడు. శాశ్వతత్వం అని అర్థం. ఆ ఒక్క మాటా గొలుసుకట్టుగా, ముచ్చటగా కుదిరింది. ఇక చనిపోయేదాకా, తెల్లవారుజామునే లేచి రాస్తూనే ఉన్నాడు. మొత్తం ఐదు లక్షల సార్లని అంచనా.

వానకి చెరిగిపోయే ఆ రాతే 2000 సంవత్సరం తొలి ఘడియల్లో హార్బర్ బ్రిడ్జి మీద దీపాలై వెలిగింది. రాసినవాడు పోయి అప్పటికి 32 ఏళ్ళు.

ఇక్కడి మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ రాయరు. కంప్యూటర్లో ఎన్ని అందమైన ఖతులున్నా వాటికి మూలం ఒక మనిషి చెయ్యే. ఒక్క మాటతోనైనా మొదలుపెట్టించాలి.