సంపీడిత గాలిలో తేమ

వానాకాలంలో పంక్చర్ షాపు కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ కాక్‌ను తిప్పితే గాలికంటే ముందు తుప్పు రంగు నీళ్లు వస్తాయి. ఆ ట్యాంకులో ఎవరూ నీళ్లు పోయలేదు. అవి గాలితో పాటే లోపలికి వెళ్లాయి. పెద్ద ఫ్యాక్టరీలో వాల్వులను, సిలిండర్లను, పెయింటు గన్నులను నడిపే సంపీడిత గాలి కథ కూడా ఇదే. అక్కడ నిర్వహణ అంటే ముందుగా ఈ నీటితో పేచీ.

ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. గేజి మీద 7 బార్లు చూపేలా కుదిస్తే ఎనిమిది ఘనపు మీటర్ల గాలి ఒక్క ఘనపు మీటరులో ఇముడుతుంది. ఆ ఎనిమిదింటిలోని ఆవిరీ అక్కడే చేరుతుంది. కంప్రెసర్ లోపలి వేడిలో అది ఆవిరిగానే ఉండి, గాలి చల్లబడగానే నీరవుతుంది. విశాఖ లాంటి తీరప్రాంతంలో 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున నిమిషానికి 10 ఘనపు మీటర్లు పీల్చే కంప్రెసర్‌ను తీసుకుందాం. ఆ గాలి 40 డిగ్రీలకు చల్లారేసరికి గంటకు పది లీటర్లకు దగ్గరగా నీరు దిగుతుంది. ఎనిమిది గంటల షిఫ్టులో అది నాలుగు బకెట్లకు పైమాటే.

పొడి ఎండలు కాసే చోట ఈ బెడద ఉండదనుకోవడం పొరపాటు. రామగుండం మే నెల మధ్యాహ్నంలో 43 డిగ్రీల దగ్గర తేమ 20 శాతమే ఉన్నా, ఎనిమిది రెట్లు కుదించిన ఆ గాలి 45 డిగ్రీలకు చల్లారగానే నీటిని వదులుతుంది. పైగా 35 డిగ్రీల సంతృప్త గాలిలో ఘనపు మీటరుకు 40 గ్రాముల ఆవిరి ఉంటే, 45 డిగ్రీల దగ్గర 65 గ్రాములుంటుంది. అందుకే వేడి బయటికి పోయే దారిలేని కంప్రెసర్ గదిలో, దుమ్ము పట్టిన కూలర్ వెనక ఉన్న, గాలిని ఆరబెట్టే డ్రైయర్ వేసవిలోనే చేతులెత్తేస్తుంది.

ఈ సమస్య కొత్తది కాదు. 1880లలో విక్టర్ పాప్ పారిస్ వీధుల కింద వేసిన సంపీడిత గాలి గొట్టాలు వర్క్‌షాపుల మోటార్లను నడిపాయి. మోటారులో గాలి వ్యాకోచించి చల్లబడితే అందులోని తేమ మంచుగా గడ్డకట్టేది. అందుకని గాలిని ముందుగా చిన్న పొయ్యిల మీద వేడిచేసి పంపేవారు. ఆ వ్యవస్థ 1994 దాకా పనిచేసింది.

నీటి వల్ల వచ్చే ముప్పుకు బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం. 1979 మార్చి 28 వేకువజామున నీటి శుద్ధి విభాగం పైపులో రెజిన్ అడ్డుపడితే, సిబ్బంది దాన్ని తొలగించే పనిలో ఉన్నారు. తెరుచుకునే ఉండిపోయిన ఒక చెక్ వాల్వు గుండా కొద్ది నీరు, వాల్వులను నడిపే గాలి లైనులోకి చేరింది. నాలుగు గంటల ప్రాంతంలో పంపులు ఆగిపోయాయి. రియాక్టర్ కొంతభాగం కరిగిపోవడానికి ఆ తర్వాత తెరుచుకుని మూసుకోని రిలీఫ్ వాల్వు, సిబ్బంది నిర్ణయాలు కారణాలయ్యాయి. కానీ వరస మొదలైంది గాలి లైనులోని నీటితోనే.

నీటిలో ఎక్కువ భాగాన్ని ఆఫ్టర్ కూలరు, దాని వెంట ఉన్న సెపరేటరు, ఎయిర్ రిసీవరు పట్టేస్తాయి. మిగిలింది డ్రైయర్ పని. ఏ ఉష్ణోగ్రతకు చల్లారితే ఒత్తిడిలో ఉన్న గాలిలోంచి నీరు దిగడం మొదలవుతుందో దాన్ని తుషార స్థానం అంటారు. షాప్‌ఫ్లోర్‌లో డ్యూ పాయింట్ అనే అంటారు. రిఫ్రిజరేటెడ్ డ్రైయర్ దాన్ని సుమారు 3 డిగ్రీలకు తెస్తుంది. అంతకంటే దిగితే లోపల మంచు కడుతుంది. మైనస్ 40 కావాలంటే యాక్టివేటెడ్ అల్యూమినా వంటి గుళికలు నింపిన జంట టవర్ల డ్రైయర్ పెట్టాలి. హీటర్ లేని రకంలో ఒక టవర్ గాలిని ఆరబెడుతుంటే, రెండో టవర్ గుళికలను ఆరబెట్టడానికి ఆరిన గాలిలో దాదాపు 15 శాతం ఖర్చవుతుంది. ఐఎస్‌ఓ 8573-1 ప్రమాణంలో 3 డిగ్రీల గాలి తేమకు నాలుగో తరగతి, మైనస్ 40 గాలి రెండో తరగతి. గడ్డకట్టే చలిలో నడిచే ఇన్‌స్ట్రుమెంట్ లైన్లకూ, తేమ తగిలితే పాడయ్యే మందుల పొడులకూ మైనస్ 40 గాలి అవసరం. మామూలు వర్క్‌షాపుకు అది కరెంటు దండగ.

ఎంత ఖరీదైన డ్రైయర్ పెట్టినా అడుగున డ్రెయిన్ మూసుకుపోతే ఫలితం సున్నా. ఫ్లోట్ రకం ఆటో డ్రెయిన్ తుప్పు బురదతో ఇరుక్కుంటుంది. టైమర్ రకం నీరు లేనప్పుడు కూడా తెరుచుకుని గాలిని వదిలేస్తుంది. అందువల్ల షిఫ్టుకోసారి టెస్ట్ బటన్ నొక్కి నీరు పడుతోందో లేదో కంటితో చూడటం మేలు. గాలి వెళ్లే దిశలో వంద మీటర్లకు ఒక మీటరు చొప్పున హెడర్‌ను, అంటే ప్రధాన గొట్టాన్ని, వాలుగా వేస్తారు. యంత్రానికి దిగే పైపును హెడర్ పైభాగం నుంచి తీస్తారు, అడుగున పారే నీరు అందులో దిగకుండా.

లీకులకూ తేమతో సంబంధం ఉంది. 7 బార్ల దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం నిమిషానికి అర ఘనపు మీటరుకు పైగా గాలిని వదిలేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ మరింత గాలిని, దాంతో పాటు మరింత ఆవిరిని పీలుస్తుంది. స్టాండ్‌బై స్క్రూ కంప్రెసర్‌ను రోజూ కొద్ది నిమిషాలే నడిపి ఆపితే నూనె తగినంత వేడెక్కక అందులోనే నీరు దిగుతుంది, బేరింగులు దెబ్బతింటాయి. నడిపితే పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి.

రిసీవర్‌ను తుప్పు లోపలి అడుగు నుంచి తింటుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా రేకు పలచబడి ఉండవచ్చు, కాబట్టి అల్ట్రాసోనిక్ మీటరుతో మందం కొలుస్తారు. నూనె వాడే కంప్రెసర్ నుంచి వచ్చిన నీటిలో నూనె కలిసి ఉంటుంది. దాన్ని కాలువలోకి వదలకుండా ఆయిల్-వాటర్ సెపరేటర్‌లో నూనెను వేరుచేసి, తర్వాతే శుద్ధికి పంపుతారు.