ఒక్క వాటుతో సముద్రాలు దాటిన చుక్కలు

వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ నౌకాదళ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల అడవి అందుకు పోతోంది. చెట్ల కోసం, అక్కడి రామలింగేశ్వరస్వామి గుడి కోసం జనం గొంతెత్తారు, అది న్యాయమైన బాధే. పేపర్లు దాన్ని రాడార్ కేంద్రమన్నాయి గానీ, అక్కడ కట్టేది సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే ప్రసార కేంద్రం. మామూలు రేడియో తరంగం ఉప్పునీటిలో వెంటనే ఆరిపోతుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్‌జ్ మధ్య ఉండే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం మాత్రం పైపొరను దాటి కొన్ని మీటర్ల లోతుకు వెళ్లగలదు. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలో ఇలాంటి కేంద్రమే, ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్, 1990 నుంచి పనిచేస్తోంది.

ఇలాంటి పనికి ప్రభుత్వాలు భారీ శక్తిని వాడతాయి. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలోని కేంద్రం శక్తి పది లక్షల వాట్లు. అదే దారిలో, ఒక్క వాటుతో ఎంత దూరం పోగలమో చూసినవాళ్లు హామ్‌లు, అంటే సరదాకు రేడియో నడిపేవాళ్లు.

ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉండే ఈ పొడవాటి తరంగాలు మొదట్లో వాళ్లకు దక్కలేదు. 1912 నాటి అమెరికా చట్టం అవి ప్రభుత్వానికీ వ్యాపారానికీ కావాలంటూ హామ్‌లను 200 మీటర్ల కంటే పొట్టి తరంగాలకు నెట్టేసింది. పనికిరావని వదిలేసిన ఆ తరంగాలతోనే వాళ్లు 1923 నవంబరులో అట్లాంటిక్‌కు అటూ ఇటూ మాట్లాడుకున్నారు. షార్ట్‌వేవ్ విలువ లోకానికి అప్పుడు తెలిసింది. పొడవు తరంగాల్లో ఒక చిన్న ముక్క, 135.7 నుంచి 137.8 కిలోహెర్ట్‌జ్ వరకు, అంతర్జాతీయ స్థాయిలో హామ్‌లకు దక్కింది 2007లో, జెనీవా సమావేశంలో. అదీ ఒక్క వాటు ప్రసార శక్తి హద్దుతో.

ఆ హద్దు అందుకోవడమే కష్టం. ఈ తరంగం పొడవు 2,200 మీటర్లు. పద్ధతి ప్రకారం పావు తరంగం ఎత్తున ఏరియల్ నిలబెట్టాలంటే 550 మీటర్లు కావాలి. ఇంటి పెరట్లో నిలిచేది పదిహేను, ఇరవై మీటర్ల గడకర్ర. వంద వాట్లు పోసినా చాలా భాగం తీగచుట్టలోనూ నేలలోనూ వేడిగా పోతుంది, గాల్లోకి ఎక్కేది పిసరంతే.

శక్తి లేదు కనుక వాళ్లు కాలాన్ని ఖర్చుపెట్టారు. మోర్స్‌లో ఒక చుక్కను మూడు సెకన్లు, ఆరవై సెకన్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు సాగదీశారు. అంత నింపాదిగా వచ్చేదాన్ని చెవి పట్టలేదు. కంప్యూటర్ తెర మీద గీతగా గీస్తే కన్ను పడుతుంది. సంకేతం ఎంత నెమ్మదైతే దాన్ని వెతికే సందు అంత ఇరుకవుతుంది, చుట్టూ ఉన్న రొద అంత తక్కువగా చొరబడుతుంది. ఆరవై సెకన్ల చుక్కతో క్యూ అనే ఒక్క అక్షరం పంపడానికి పదమూడు నిమిషాలు పడుతుంది! న్యూజీలాండ్‌కూ రష్యాలోని వ్లాదివోస్తోక్‌కూ మధ్య పదివేల కిలోమీటర్లు దాటిన సంకేతాలు ఇలాంటి ఓపికతో వెళ్లినవే. రేడియో చరిత్రలో ఇంత చిన్న శక్తికి ఇంత పెద్ద గౌరవం మరెక్కడా దక్కలేదనిపిస్తుంది.

మన దగ్గర హామ్‌లకు పేరు తెచ్చింది షార్ట్‌వేవే. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో మొదలైంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్లి పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రపంచంతో మాట్లాడుతుండగా 26న సునామీ వచ్చింది. ఆ వెంటనే అదే పరికరాలు సహాయ సందేశాలకు మళ్లాయి.

పొడవు తరంగాలను వినడానికి మాత్రం పెద్ద సరంజామా అక్కర్లేదు. లాప్‌టాప్ సౌండ్‌కార్డు సెకనుకు 48,000 నమూనాలు తీస్తే 24 కిలోహెర్ట్‌జ్ వరకు పట్టుకోగలదు. కట్టబొమ్మన్ సంకేతం 18.2 కిలోహెర్ట్‌జ్ దగ్గరే ఉంటుంది. చెక్క చట్రం చుట్టూ రాగితీగ చుట్టి, చిన్న యాంప్లిఫయర్ కలిపితే వెయ్యి కిలోమీటర్ల దూరంలో, వరంగల్–ఖమ్మం రోడ్డు మీద ఉన్న మరిపెడలోనూ తెర మీద ఆ సంకేతపు గీతను వెతకొచ్చు. అక్కడి బజారులో ఎల్‌ఈడీ బల్బులు, చుట్టూ మిర్చి, పత్తి చేలలో మోటార్ల స్టార్టర్లు రొద పెడతాయి. కరెంటు తీగలకు దూరంగా, చెరువు కట్ట మీదికి పోవడం మేలు. వానాకాలంలో ఎక్కడి పిడుగైనా చిటపటమంటుంది కాబట్టి చలికాలమే అనువైనది.

పగటిపూట సూర్యుడిపై మంట ఎగిసినప్పుడు పైవాతావరణంలోని అయనోస్ఫియర్ అడుగుపొర మారిపోయి, ఆ గీత ఉన్నట్టుండి లేస్తుంది లేదా పడుతుంది. దామగుండం ప్రసారం మొదలైతే మరిపెడ నుంచి అది సుమారు రెండు వందల కిలోమీటర్లే. ఒకటి దగ్గరిది, ఒకటి దూరానిది, రెండు గీతలు ఒకే తెర మీద పక్కపక్కన ఉంటే ఏ మంట దేనిని ఎంత కదిలించిందో మరిపెడ బడి పిల్లలు కూడా పోల్చి చూడగలరు.