హంతకుడెవరు? 180 ఏళ్ల ఊహాగానాలు

1841 మే 1న, ఫిలడెల్ఫియా నుంచి వెలువడే సాటర్డే ఈవెనింగ్ పోస్ట్‌లో ఎడ్గార్ అలన్ పో ఒక నవలను సమీక్షించాడు. ఆ నవల అప్పటికింకా పూర్తి కాలేదు. చార్లెస్ డికెన్స్ 'బార్నబీ రడ్జ్'ను లండన్‌లో వారం వారం రాస్తున్నాడు. సముద్రం దాటి అమెరికా చేరినవి తొలి అధ్యాయాలే. వాటినే ఆధారం చేసుకుని, కథలో 22 ఏళ్ల కిందట జరిగిన హత్య ఎవరి పనో పో తేల్చి రాసేశాడు. అసలు హంతకుడి విషయంలో అతని లెక్క తప్పలేదు. హతుడి తమ్ముడికీ అందులో చేయి ఉందన్నది మాత్రం నిజం కాలేదు. నవల ముగిశాక 1842లో మళ్లీ సమీక్ష రాస్తూ, తన జోస్యం ఫలించనిచోట కథే అలా నడిచి ఉండవలసిందన్న ధోరణిలో వాదించాడు. ఇవాళ మిస్టరీ సిరీస్‌లో ఒక ఎపిసోడ్ అయిపోగానే వచ్చే వారం ఏం జరుగుతుందోనని తర్జనభర్జన పడే అభిమానుల వంశానికి మూలపురుషుడెవరని అడిగితే నేను పో పేరే చెబుతాను. ఆధారాలు ఏరుకోవడం, ముడి విప్పడం, ఒప్పయితే పొంగిపోవడం, తప్పయితే రచయితతోనే తగాదాకు దిగడం, ఇవన్నీ అతనిలో అప్పటికే ఉన్నాయి.

ఈ అలవాటుకు మూలం కథల్లో కన్నా వాటిని అమ్మిన పద్ధతిలో ఉంది. 1836లో 'పిక్విక్ పేపర్స్' నెలనెలా విడి భాగాలుగా మొదలై, నవల మొత్తం ఒకేసారి కొనే స్తోమత లేనివాళ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది. భాగానికి ఒక షిల్లింగ్. పారిస్‌లో 1842-43లో యూజీన్ సూ 'మిస్టరీస్ ఆఫ్ పారిస్'ను దినపత్రికలో రాస్తుంటే, కథ ఎలా నడవాలో చెబుతూ పాఠకులు ఆయనకు ఉత్తరాలు రాశారు. విల్కీ కాలిన్స్ 'ది వుమన్ ఇన్ వైట్' 1859 నవంబరులో మొదలై మరుసటి ఏడాది ఆగస్టు దాకా సాగింది. భాగానికీ భాగానికీ నడుమ వారమో నెలో విరామం. ఆ విరామాన్ని రచయిత ఖాళీగా వదిలేస్తే పాఠకుడు తన ఊహతో నింపుకున్నాడు. నా దృష్టిలో ఈ చరిత్ర అంతా ఆ విరామం చరిత్రే.

ఆ ఖాళీ ఎన్నటికీ పూడని కథ కూడా ఒకటుంది. 'ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్' 12 నెలసరి భాగాలుగా రావలసిన నవల. 1870 ఏప్రిల్‌లో మొదటి భాగం వచ్చింది, జూన్ 9న డికెన్స్ కన్నుమూశాడు. ఆరు భాగాలు మాత్రమే అచ్చయ్యాయి. కనిపించకుండా పోయిన డ్రూడ్ చనిపోయాడా, బతికే ఉన్నాడా? తెల్లజుట్టు, నల్ల కనుబొమలతో ఊళ్లో దిగిన డాచెరీ అనే పెద్దమనిషి నిజానికి ఎవరు? కథలో జవాబు దొరకకపోయేసరికి పాఠకులు ముఖచిత్రాన్ని పరిశోధించడం మొదలుపెట్టారు. డికెన్స్ అల్లుడు చార్లెస్ కాలిన్స్ రూపొందించిన ఆ ముఖచిత్రం అడుగున ఒక చిన్న దృశ్యం ఉంది. ఒకడు లాంతరు పట్టుకుని చీకట్లోకి అడుగు పెడుతున్నాడు, ఎదురుగా మరొకరు నిలబడి ఉన్నారు. ఆ నిలబడినది ప్రాణాలతో తిరిగొచ్చిన డ్రూడా, మారువేషంలో ఉన్న మరొక పాత్రా, హంతకుడి కళ్లకు కట్టిన భ్రమా? ఆ ఒక్క దృశ్యం మీద పండితులు తరాల తరబడి వాదించుకున్నారు. 1914 జనవరిలో డికెన్స్ ఫెలోషిప్ వాళ్లు లండన్‌లో ఏకంగా కోర్టే పెట్టి, కథలో అందరి అనుమానం సోకిన జాన్ జాస్పర్‌ను బోనెక్కించారు. న్యాయమూర్తి జి.కె.చెస్టర్‌టన్, జ్యూరీ పెద్ద బెర్నార్డ్ షా. తీర్పు వెలువడ్డాక చెస్టర్‌టన్ కోర్టు ధిక్కారం కింద తనకు తప్ప అక్కడున్న అందరికీ శిక్ష వేశాడు. అంత పెద్ద రచయితలు అంత సరదాగా, అంత శ్రద్ధగా ఒక సగం కథ కోసం కూడబలుక్కోవడం నాకెంతో ఇష్టమైన ఘట్టం.

మన పాఠకులకు ఈ రుచి పత్రికలు అలవాటు చేశాయి. 1954లో 'చందమామ'లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం వరసగా రాసిన ధారావాహికలు పిల్లలకు నెల రోజుల నిరీక్షణ నేర్పాయి. భాగం ముగిసేసరికి కథానాయకులు ఏ మాంత్రికుడి చేతిలోనో, ఏ గుహలోనో చిక్కుకుని ఉండేవారు. వాళ్లెలా బయటపడతారన్నది కొత్త సంచిక వచ్చేదాకా బళ్లో చర్చ. పెద్దయ్యాక ఆ పిల్లలే అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కోసం వెతికారు. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వస్తున్నప్పుడు, కథలోని చిన్నారికి పట్టింది క్షుద్రప్రయోగమా, వైద్యానికి లొంగే జబ్బా అని ఇంట్లో రెండు పక్షాలు తయారయ్యేవి. చదివిన పత్రిక పక్కింటికి వెళ్లేది, దానితోపాటే మన ఊహా వెళ్లేది. వచ్చే వారం పత్రిక అడగడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు ముందు తన ఊహ ఏమిటో చెప్పి గానీ కూర్చునేవారు కాదు.

టెలివిజన్ ఈ ఆటను ఒకే రాత్రి కోట్లమంది ఆడేదిగా మార్చింది. 1980 మార్చి 21న అమెరికాలోని సీబీఎస్ ఛానెల్లో 'డల్లాస్' సీజన్ చివరి ఎపిసోడ్‌లో జె.ఆర్.యూయింగ్‌ను ఎవరో తుపాకీతో కాల్చారు. వేసవి దాటాక జవాబు రావలసింది. నటీనటుల సమ్మె వల్ల అది నవంబరు దాకా జరిగిపోయింది. అంటే ఆ ఏడాది కలిసొచ్చిన విరామం ఎవరూ పథకం వేసి తెచ్చింది కాదు. బ్రిటన్‌లో బుకీలు పందేలు కట్టించుకున్నారు. రహస్యం పొక్కకుండా వేర్వేరు పాత్రలు కాల్పులు జరిపినట్టు వేర్వేరు దృశ్యాలు చిత్రీకరించారు. నవంబరు 21న మరదలు క్రిస్టిన్ పేరు బయటపడిన రాత్రి అమెరికాలో సుమారు 8.3 కోట్ల మంది టీవీల ముందు కూర్చున్నారు. అయితే ప్రశ్న ఎంత పెద్దదో ఆధారాలు అంత తక్కువ. జె.ఆర్.కు శత్రువులు బోలెడు, అందరికీ కారణాలున్నాయి, కాబట్టి ప్రేక్షకులు చేసింది ఎక్కువగా పందెమే.

ఆధారాలు వెతికే ప్రేక్షకుడు 'ట్విన్ పీక్స్'తో వచ్చాడు. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ రూపొందించిన ఈ సిరీస్ 1990 ఏప్రిల్ 8న ఏబీసీలో మొదలైంది. లారా పామర్ అనే అమ్మాయి శవం ప్లాస్టిక్‌లో చుట్టి ఒడ్డున దొరుకుతుంది. ఎవరు చంపారు? అప్పటికి ఇళ్లలోకి వీసీఆర్‌లు వచ్చేశాయి. మనిషి మొదటిసారి ఎపిసోడ్‌ను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ మళ్లీ చూడగలిగాడు. ఆ చూపు దేన్ని పట్టుకోగలదో చెప్పడానికి ఒక షాట్ చాలు. మొదటి ఎపిసోడ్ చివర లారా తల్లి సేరా సోఫాలో ఉలిక్కిపడి లేచి కేక పెడుతుంది. ఆ షాట్ తీస్తుండగా సెట్ అలంకరణ పనిలో ఉన్న ఫ్రాంక్ సిల్వా ప్రతిబింబం వెనక అద్దంలో పడింది. పొరపాటని కెమెరా దగ్గరివాళ్లు చెబితే, లించ్ దాన్ని అలాగే ఉంచేశాడు. ఆ అద్దంలోని ముఖమే 'బాబ్' అనే దుష్టశక్తి అయింది. ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చిన లారా పామర్ రహస్య డైరీ పుస్తకాన్ని కూడా అభిమానులు సాక్ష్యంలా చదివారు. అప్పుడప్పుడే పుడుతున్న కంప్యూటర్ చర్చావేదికల్లో విశ్వవిద్యాలయాల వాళ్లు ఒక్కో షాట్ మీద పేజీలకు పేజీలు రాసుకున్నారు.

జవాబు చెప్పడం లించ్‌కు ఇష్టం లేదు. ఛానెల్ ఒత్తిడి మీద 1990 నవంబరు 10న చెప్పవలసి వచ్చింది. గుట్టు దాచడానికి లారా బంధువు మ్యాడీ హత్య దృశ్యాన్ని ముగ్గురు నటులతో విడివిడిగా తీశారు. హంతకుడు కన్నతండ్రి లీలాండ్ అని తేలాక ప్రేక్షకులు తగ్గిపోయి, 1991 జూన్‌తో సిరీస్ ఆగిపోయింది. జవాబు చెప్పడమే తప్పని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ జవాబు భయంకరమైనదీ గొప్పదీ. దాని వెంటనే మోయగల మరో ప్రశ్న సిద్ధంగా లేకపోవడమే లోపం. పైగా చివరి ఎపిసోడ్‌లో లారా ఎఫ్‌బీఐ ఏజెంట్ కూపర్‌తో 25 ఏళ్ల తర్వాత కలుస్తానని చెప్పి వెళ్తుంది. 2017లో 18 ఎపిసోడ్లతో లించ్, ఫ్రాస్ట్ నిజంగానే తిరిగొచ్చినప్పుడు, ఆ మాటను పట్టుకుని అన్నేళ్లూ ఎదురుచూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

'ట్విన్ పీక్స్' తొలిసారి వచ్చిన రోజుల్లో మన టీవీకి ఇంత తీరిక లేదు. దూరదర్శన్ 'కరంచంద్' 1985లో, రజిత్ కపూర్ 'వ్యోమకేశ్ బక్షీ' 1993లో వచ్చి మనసులు గెలిచాయి గానీ, కేసు మొదలైన కాసేపట్లోనే తేలిపోయేది. తెలుగులో ఈటీవీ 'అన్వేషిత' వచ్చాకే వారం పొడవునా అనుమానాలు మోసే అవకాశం కలిగింది.

2004 సెప్టెంబరు 22న మొదలైన 'లాస్ట్' దగ్గర అభిమానుల పని వ్యవస్థగా మారింది. విమానం కూలి ఒక దీవిలో చిక్కుకున్నవాళ్ల కథ. ఉష్ణమండలంలో ధ్రువపు ఎలుగుబంటి ఎందుకు ఉంది? 4, 8, 15, 16, 23, 42 అన్న అంకెలు ప్రతిచోటా ఎందుకు కనబడతాయి? మరుసటి ఏడాదికల్లా అభిమానులే లాస్ట్‌పీడియా అనే విజ్ఞానకోశం కట్టుకున్నారు. రెండో సీజన్‌లో ఒక పాత్ర పక్కన 'ది థర్డ్ పోలీస్‌మన్' నవల కనిపిస్తే, జనం జవాబు దొరుకుతుందని ఆ పుస్తకం కొని చదివారు. కథ ఎటూ పోవడం లేదన్న విసుగు పెరిగాక, 2007లో నిర్మాతలు ముగింపు 2010లోనని ముందే ప్రకటించారు. అమెరికన్ టీవీలో ఇది పెద్ద మలుపు: చివరి పేజీ ఉందని నమ్మకం కుదిరితేనే ఊహించడంలో అర్థముంటుందని ప్రేక్షకులు నేర్పిన పాఠం.

ప్రేక్షకుడు బాగా ఊహిస్తే రచయిత ఏం చేయాలి? 'బాబిలోన్ 5' రచయిత స్ట్రజిన్‌స్కీ అనుకున్న కథను ఒక అభిమాని ముందుగానే రాసేయడంతో, ఆ ఎపిసోడ్ చట్టపరమైన చిక్కుతో ఆలస్యమైంది. 2016లో 'వెస్ట్‌వరల్డ్' కథ రెండు కాలాల్లో నడుస్తోందని, విలియమే ముసలి నల్లదుస్తుల మనిషని అభిమానులు కొన్ని వారాల ముందే కనిపెట్టారు. 'షెర్లాక్' దారి వేరు. 2012 జనవరి 15న హోమ్స్ ఆసుపత్రి కప్పు మీద నుంచి దూకాడు. 2014 జనవరి 1న తిరిగొచ్చాడు. ఆ రెండేళ్లలో పుట్టిన సిద్ధాంతాలను కొత్త ఎపిసోడ్ తెర మీదే ప్రదర్శించింది, వాటిని అల్లే అభిమానుల బృందాన్నే కథలో పాత్రలుగా పెట్టింది. మన దేశంలో 2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న తెలుగువాడు వెళ్లిన ప్రతిచోటికీ వెళ్లింది. రాజమౌళి సినిమాను సగంలో ఆపి, రెండేళ్ల విరామాన్ని కథలో భాగం చేశారు.

2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' 13 ఎపిసోడ్లనూ ఒకేసారి వదలడంతో ఆ విరామానికే గండం వచ్చింది. మిస్టరీ ఒక వారాంతంలో అయిపోతే ఊహించే తీరిక ఎవరికి? అయినా వారం వారం పద్ధతి పోలేదు. 2021లో 'వాండావిజన్' అలాగే వచ్చింది. మార్వెల్ కామిక్స్‌లోని దుష్టపాత్ర మెఫిస్టో కనబడతాడని అభిమానులు వారాల తరబడి రుజువులు చూపారు, అతను రాలేదు. 2022లో మొదటి సీజన్ ముగిసిన 'సెవరెన్స్' రెండో సీజన్ 2025 జనవరి 17న గానీ మొదలు కాలేదు. ఉద్యోగుల ఆఫీసు జ్ఞాపకాలను బయటి జీవితం నుంచి వేరుచేసే ఒక కంపెనీ కథ ఇది. రెండో సీజన్ తొలి ఎపిసోడ్‌లోనే హెలీ పాత్ర తను బయట ఒక రాత్రిపూట తోటమాలిని చూశానంటుంది. రాత్రి తోటపని ఎవరు చేస్తారు? ఆమె హెలీ కాదని, కంపెనీ యజమాని కూతురు హెలెనా వేషం వేసుకుని వచ్చిందని అభిమానులు ఆ ఒక్క అబద్ధం నుంచే ఊహించారు. నాలుగో ఎపిసోడ్‌లో సహోద్యోగి ఇర్వింగ్ ఆమె తలను నీటిలో ముంచి నిజం రాబట్టాడు. మధ్యలో గడిచిన ఆ మూడు వారాలు ఒకేసారి వదిలిన సీజన్‌లో ఉండేవి కావు. మూడో సీజన్ కూడా వారం వారమే రావాలని నా కోరిక.