లింకను ఋణము: 1932–1936 సంవత్సరముల నడుమ నొక పక్షపరివర్తనము

ఒక పక్షమునకుఁ జిరకాలము ఓటిచ్చి, పిదప దానిని విడిచి యెదిరిపక్షమునకు ఓటిచ్చువానిని గూర్చి లోకమున రెండభిప్రాయములు గలవు. అట్టివాఁడు చపలచిత్తుఁడనియు, ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేసినవాఁడనియుఁ గొందఱందురు. పక్షములు చేసిన పనులను దూఁచి నిర్ణయించు వివేకియని మఱికొందఱందురు. ఈ వివాదము కేవలతర్కముచేఁ దీఱునది కాదు; చరిత్రమునుండి యొక దృష్టాంతమును గైకొని పరీక్షింపవలసియున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నల్లజాతి పౌరులు 1932, 1936 సంవత్సరముల అధ్యక్షనిర్వాచనముల నడుమ రిపబ్లికను పక్షమును వీడి డెమొక్రాటిక్ పక్షమును జేరుట యిందులకుఁ దగిన దృష్టాంతము.

ముందుగాఁ బూర్వవృత్తాంతము. రిపబ్లికను పక్షమునుండి యెన్నికైన మొదటి అధ్యక్షుఁడు అబ్రహాము లింకను. తిరుగుబాటు రాష్ట్రములలోని బానిసలు స్వతంత్రులని 1863 జనవరి 1వ తేదిని ప్రకటించినవాఁ డతఁడు. రాజ్యాంగమునకు 1865లోఁ జేరిన 13వ సవరణ దాస్యమును రూపుమాపెను; 1868లోని 14వది పౌరత్వము నొసఁగెను; జాతినిబట్టి ఓటుహక్కును నిరాకరింపరాదని 1870లోని 15వది శాసించెను. ఈ మూఁడును రిపబ్లికనుల పూనికచేఁ గలిగినవే. దక్షిణదేశమున డెమొక్రాటులో, ఓటుపన్ను, అక్షరపరీక్ష, తెల్లవారికి మాత్రమే పరిమితమైన ప్రాథమిక నిర్వాచనము మున్నగు నుపాయములచే నీ హక్కును నిరర్థకము చేసిరి. కావున లింకను పక్షమునెడ నల్లజాతివారి భక్తి గ్రుడ్డినమ్మకము గాదు; అనుభవమూలకము.

1910 మొదలు 1930 వఱకు నల్లజాతివారు పదిలక్షలకు మించి దక్షిణమునుండి చికాగో, డిట్రాయిట్, ఫిలడెల్ఫియా, న్యూయార్కు మొదలగు నుత్తరనగరములకు వలసపోయిరి. అచ్చట వారి ఓటు లెక్కకు వచ్చెను. 1928లో చికాగోనుండి ఆస్కార్ డి ప్రీస్టు అను నల్లజాతి రిపబ్లికను కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. కాని పక్షమునకు వీరియం దాదరము తగ్గుచుండెను. నల్లజాతివారు రాజకీయములందుఁ బాల్గొనుట కీడని 1920లోఁ బలికిన జాన్ పార్కరును 1930లో హూవరు అధ్యక్షుఁడు సర్వోన్నతన్యాయస్థానమునకుఁ బ్రతిపాదించెను. నల్లజాతివారి సంఘమును గార్మికసంఘములును నెదిరింపఁగా, సెనేటు 41–39 ఓట్లతో నా ప్రతిపాదనమును ద్రోసివైచెను.

1932 నాఁటికి ఆర్థికమాంద్యము దేశమును బీడించుచుండెను. పనినుండి మొదటఁ దొలఁగింపఁబడినవారు పెక్కుచోట్ల నల్లజాతివారే. ఆ యేఁడు పిట్స్‌బర్గు కొరియరు పత్రికాధిపతి రాబర్టు వాన్, లింకను చిత్రపటమును గోడవైపునకుఁ ద్రిప్పవలసిన కాలము వచ్చినదనియు, ఆ ఋణము తీఱిపోయినదనియు నుపన్యసించెను. అయినను దేశమునందలి 48 రాష్ట్రములలో 42 రూజువెల్టును వరింపఁగా, నల్లజాతి ఓటరులలో నధికసంఖ్యాకులు హూవరునే యాశ్రయించిరి. ఆఁకలియే పక్షపరివర్తనమునకుఁ జాలిన కారణమైనచో 1932లోనే వారు మాఱవలసియుండెను. మాఱలేదు. కాఁబట్టి యా నాలుగేండ్లలోఁ గొత్తగా వచ్చిన దేదియో చూడవలెను.

వచ్చినది ప్రత్యక్షఫలము. 1935లో నేర్పడిన పనికల్పనాసంస్థ నల్లజాతివారికిని గూలి నిచ్చెను. 1936లో మేరీ మెక్లియోడ్ బెథ్యూను యువజనసంస్థలో నల్లజాతి విభాగమునకు నధికారిణి యయ్యెను. లోపములును లేకపోలేదు. 1935 నాఁటి సాంఘికభద్రతాశాసనము వ్యవసాయకూలీలను, ఇండ్లలోఁ బనిచేయువారిని విడిచిపెట్టెను. నల్లజాతివారిలో ననేకు లా పనులవారే. మూఁకహత్యల నరికట్టు బిల్లును రూజువెల్టు, దక్షిణదేశపు సెనేటరులకు వెఱచి, గట్టిగా బలపఱుపలేదు. ఇవి యెఱిఁగియే వారు ఓటిచ్చిరి. 1934లో ఆర్థర్ మిచ్చెలు డి ప్రీస్టు నోడించి, కాంగ్రెసునఁ బ్రవేశించిన మొదటి నల్లజాతి డెమొక్రాటయ్యెను. అతఁడును బూర్వము రిపబ్లికనే. 1936లో నల్లజాతి ఓటరులలో నూటికి సుమారు డెబ్బదిమంది రూజువెల్టు పక్షమైరని చరిత్రకారుల యంచనా.

ఇచ్చట నొక శంక. ఓటు రహస్యమైనది గదా, ఈ లెక్క యెట్లు తెలిసెను? నగరపేటలవారి ఓట్లను బోల్చి కొంత, జనాభిప్రాయసేకరణమువలనఁ గొంత. ఈ సాధనములందు జాగ్రత్త వలయును. 1936లో లిటరరీ డైజెస్టు పత్రిక సుమారు కోటి పత్రములను బంపి, 20 లక్షలకు మించిన ప్రత్యుత్తరములను లెక్కించియు, లాండను గెలుచునని చెప్పి నవ్వులపాలయ్యెను. రూజువెల్టు 46 రాష్ట్రములను గెలిచెను. మఱియుఁ బేటలోని మొత్తము పెరిగినంతమాత్రమున మాఱినవారెందఱో, కొత్తగా ఓటిచ్చినవారెందఱో తేలదు. ఈ భేదమును గుర్తించుటకే 1940లో లాజర్స్‌ఫెల్డు ప్రభృతులు ఒహాయోలోని ఈరీ మండలమున నొకే మనుష్యులను మాటిమాటికిఁ బ్రశ్నించిరి. మాఱువారిలోఁ బలువురు రాజకీయములం దంతగా నాసక్తి లేనివారని వారికిఁ దోఁచెను. 1966లోఁ బ్రకటింపఁబడిన గ్రంథమున వి. ఓ. కీ పండితుఁడు దీనికి భిన్నముగా, మాఱువారు తమ యభిప్రాయములకు సరిపడు వైపునకే మాఱుచున్నారని వాదించెను.

మన దృష్టాంతము కీ పండితుని వాదమునకే దగ్గఱగా నున్నది. దానికి మఱియొక సాక్ష్యము గలదు. రూజువెల్టునకు ఓటిచ్చిన నల్లజాతివారిలోఁ బలువురు, మీదే పక్షమని యడిగినచో, ఇంకను రిపబ్లికనులమే యని చెప్పుచుండిరి. ఓటు ముందు మాఱెను. పేరు చాలకాలమునకు మాఱెను. చపలచిత్తుల తీరు ఇట్లుండదు.

ఇఁకఁ గృతఘ్నతాదోషమును విచారింతము. 1964లో డెమొక్రాటగు జాన్సను అధ్యక్షుఁడు పౌరహక్కుల శాసనముపై సంతకము చేసెను. రిపబ్లికను అభ్యర్థి గోల్డువాటరు సెనేటునందు దానికి వ్యతిరేకముగా ఓటిచ్చియుండెను. ఆ యేఁడు మిగిలిన నల్లజాతివారును నించుమించుగా నందఱు రిపబ్లికనులను వీడిరి. దక్షిణదేశమందలి యైదు రాష్ట్రములు గోల్డువాటరు వశమయ్యెను. పక్షముల పేళ్లు మాఱలేదు; ఆ పేళ్ల యర్థము తలక్రిందయ్యెను.

కృతజ్ఞత చేసిన మేలునకుఁ జెల్లునుగాని, మేలు చేసినవాని యింటిపేరునకుఁ జెల్లదు. లింకను చేసిన మేలును నల్లజాతివారు మఱవలేదు. ఆ మేలు నే పక్షము కొనసాగించునో దానిని వెదకుకొనుచుఁ బోయిరి. ఇట్టివారిని మాఱినవారనుటకంటె, తావు మాఱినది పక్షమే యనుట చరిత్రమునకుఁ దగియుండును.