దారి వెతుకులాటకు అయ్యే వెల

మంగఫ్ పేరు వినగానే ఇప్పుడు 2024 జూన్ 12 నాటి అగ్నిప్రమాదం, అందులో అసువులు బాసిన 45 మంది భారతీయులు గుర్తుకు వస్తారు. అంతకు ముప్ఫై నాలుగేళ్ళ ముందు ఆ తీరం మరొక విపత్తును చూసింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. విదేశాలకు టెలిఫోను సంబంధాలు తెగిపోయాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవారి క్షేమసమాచారం ఇంటికి చేరే దారి మూసుకుపోయింది. తర్వాతి నెలల్లో లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ చేరి, అక్కడినుంచి విమానాల్లో స్వదేశానికి వచ్చారు. ముందు బయటపడినవారి నోటిమాటే వెనక మిగిలినవారి గురించిన వార్త.

కేంద్రం కూలినప్పుడు వార్త మనిషి నుంచి మనిషికి అంచెలంచెలుగా నడుస్తుంది. టవరు అవసరం లేకుండా రేడియో పరికరాలే ఒకదాని సందేశాన్ని మరొకటి అందిపుచ్చుకొనే ఏర్పాటుకు యాడ్ హాక్ నెట్‌వర్క్ అని పేరు. ఇందులో ప్రతి పరికరమూ కదులుతూ ఉంటుంది కనుక నిన్నటి దారి నేడు ఉండదు, ప్రతిసారీ వెతుక్కోవాలి. ఆ వెతుకులాటను బ్యాటరీ ఎంతవరకు భరించగలదన్న ప్రశ్న చుట్టూ గత అర్ధశతాబ్ది పరిశోధన ఎలా మలుపులు తిరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చరిత్ర 1973లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా చేపట్టిన ప్యాకెట్ రేడియో పథకంతో మొదలవుతుంది. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఒక వ్యానులో అమర్చిన రేడియో, అంచెల మీదుగా ఆర్పానెట్‌తో మాట్లాడింది. బరువైన ఆ పరికరాలను మోసేది వాహనం. కనుక విద్యుత్తు పొదుపు ఆనాటి ప్రధాన సమస్య కాలేదు. రేడియో చేతిలోకి, ఒడిలోకి వచ్చిన తర్వాతే ఆ ప్రశ్న ముందుకు వచ్చింది.

1994లో చార్లెస్ పెర్కిన్స్, ప్రవీణ్ భగవత్ ప్రతిపాదించిన డీఎస్‌డీవీ పద్ధతిలో ప్రతి పరికరమూ మిగిలిన వారందరికీ దారులు రాసుకున్న పట్టికను ఉంచుకొని, దానిని ఎప్పటికప్పుడు పొరుగువారికి చాటుతుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడని రాత్రివేళ కూడా ఈ చాటింపు ఆగదు. 1996లో డేవిడ్ జాన్సన్, డేవిడ్ మాల్ట్‌జ్‌ల డీఎస్ఆర్, తర్వాత పెర్కిన్స్, ఎలిజబెత్ రాయర్‌ల ఏఓడీవీ ఈ తీరును మార్చాయి. అవసరం పడినప్పుడే దారి వెతకాలన్నది వాటి సూత్రం. ఏఓడీవీ 2003లో ఇంటర్నెట్ ప్రయోగాత్మక ప్రమాణంగా వెలువడింది.

అయితే, అవసరానికి వెతకడమంటే దండోరా వేయడమే. “ఫలానావారు ఎక్కడ?” అన్న ప్రశ్నను విన్న ప్రతి పరికరమూ మళ్ళీ చాటుతుంది. వంద పరికరాలుంటే ఒక్క ప్రశ్న దాదాపు వందసార్లు గాలిలోకి వెళుతుంది. దక్కే జవాబు ఒక్కటి. ఈ వృథాను 1999లో తైవాన్ పరిశోధకులు ‘ప్రసారపు తుఫాను’గా వర్ణించారు. దానిని తగ్గించే ప్రయత్నాలు అనేకం జరిగాయి: గమ్యం ఏ దిక్కున ఉండవచ్చో తెలిస్తే ఆ వైపే చాటడం, చెప్పినమాటే మళ్ళీ మళ్ళీ వినిపిస్తే ఊరుకోవడం, పాత దారిని గుర్తుపెట్టుకోవడం.

అసలు మలుపు 1998లో వచ్చింది. సురేశ్ సింగ్, మైక్ వూ, రాఘవేంద్ర కలిసి రాసిన పత్రం, దారి మంచిచెడ్డలను అంచెల లెక్కతో కాక శక్తి లెక్కతో కొలవాలని వాదించింది. భౌతికశాస్త్రం ఇందుకు కొంత అనుకూలమే. దూరం రెట్టింపైతే కావలసిన ప్రసారశక్తి కనీసం నాలుగింతలు, నేలకు దగ్గరగా అయితే పదహారింతల దాకా పెరుగుతుంది. కాబట్టి ఒక్క పెద్ద అంగ కంటే రెండు చిన్న అడుగులు చౌక కావచ్చు. ఐతే, నడుమ ఉన్న పరికరం వినడానికీ ఖర్చు పెట్టాలి. 2001లో లారా ఫీనీ, మార్టిన్ నీల్సన్ ఆనాటి వైర్‌లెస్ కార్డులపై కొలతలు తీసి, ఊరికే చెవి ఒగ్గి ఉన్న రేడియోకు అయ్యే ఖర్చు, ప్రసారానికి అయ్యేదానిలో సగానికి మించుతుందని చూపారు. మాట్లాడటం తగ్గించడమే కాదు, నిద్రపోవడమూ నేర్వాలన్నమాట.

ఇంకొక చిక్కు మిగిలింది. అందరికంటే చౌకైన దారి ఎప్పుడూ నడిమధ్య ఉన్న పరికరం మీదుగానే పోతుంది. అందరి బరువూ మోసిన ఆ పరికరమే ముందుగా ఆరిపోతుంది; దానితో జాలం రెండు ముక్కలవుతుంది. మొత్తం ఖర్చు తగ్గించినంత మాత్రాన అందరి ఆయుష్షూ పెరగదు. 2001లో చై-కియోంగ్ టో మధ్యేమార్గం చూపాడు: దారిలోని బ్యాటరీలన్నీ ఒక హద్దుకు పైన ఉన్నంతకాలం చౌకదారినే వాడాలి, హద్దు దాటి దిగితే బలహీనులను తప్పించి దారి మళ్ళించాలి. రోగి నాడి చూసి మోతాదు మార్చే వైద్యుని వివేకం లాంటిదే ఇది. ఈ పద్ధతులన్నింటినీ ఒకచోట చేర్చిన గ్రంథాలలో, వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల పూర్వవిద్యార్థి సి. శివరామమూర్తి, బి. ఎస్. మనోజ్‌తో కలిసి రాసి 2004లో ప్రచురించిన ఆంగ్ల పాఠ్యగ్రంథం ముఖ్యమైనది.

ఇంత కృషి జరిగినా, అనుకున్నట్లు ఈ విద్య జేబులోని ఫోనులో స్థిరపడలేదు. టవర్లు ఎక్కడికక్కడ లేచాయి. ముక్కూమొహం తెలియనివారి సందేశం కోసం తన బ్యాటరీ కరిగించుకోవడానికి ఫోను యజమానికి కారణం కనిపించలేదు. ఆ విద్య ఫలించినది ప్రధానంగా చిన్న పరికరాలలో. ఇంటి దీపాలను, తాళాలను కలిపే జిగ్‌బీ పద్ధతిలో ఏఓడీవీ వారసత్వం ఉంది. తక్కువ శక్తితో నడిచే సెన్సర్ల కోసం 2012లో ఆర్‌పీఎల్ ప్రమాణం వచ్చింది. అక్కడ పరికరాలన్నీ ఒకే యజమానివి కనుక ఎవరు ఎవరికోసం అలసిపోవాలన్న తగాదా లేదు.

మనుషుల ఫోనులలో ఆ తగాదా ఇంకా తీరలేదు. 2014లో హాంకాంగ్ నిరసనకారులు ఫైర్‌చాట్ ద్వారా ఫోను నుంచి ఫోనుకు సందేశాలు పంపుకున్నారు. ఇరుగుపొరుగు ఫోనుల బ్యాటరీలను వాడుకోవడానికి ఆనాడు అందరికీ ఒక కారణం ఉంది. మంగఫ్ వంటి చోట టవర్లు మూగబోతే, ఇరుకు గదులలో పక్కపక్కనే ఉన్న ఫోనుల మధ్య దూరం చాలా తక్కువ. దారులకు కొరత ఉండదు. ఆనాడు తేల్చుకోవలసినది, చార్జింగ్ దొరకని రోజున నడుమ ఉన్నవాని బ్యాటరీని ఎంతమేరకు అడగవచ్చునన్నదే. 1990లో అమ్మాన్ చేరినవారు ఇతరుల కబురు మోసింది తమ సామానుతో పాటే. అది వారికి అదనపు బరువు కాలేదు. ఫోనుకు మాత్రం మోసిన ప్రతి మాటా బరువే.